నదికి అడ్డంగా ఒక గొలుసు

బ్లాక్‌వాటర్ యుద్ధం అధ్యాయాలు నిన్న రాత్రి మళ్లీ చదివాను. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సీరియల్ చూసినవాళ్లకు ఆ పచ్చటి మంటలే గుర్తుంటాయి. 1998లో వచ్చిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవల ‘ఎ క్లాష్ ఆఫ్ కింగ్స్’లో మంటలతో పాటు ఒక గొలుసు కూడా ఉంది. సీరియల్‌వాళ్లు దాన్ని ఎత్తేశారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు!

మరుగుజ్జు టిరియన్ లానిస్టర్ రాజధానిలోని కమ్మరులను పిలిపించి, వాళ్ల ముందు గొలుసు ముక్క ఒకటి పడేయించి, కత్తులూ కవచాలూ పక్కన పెట్టి ఇవే చేయమంటాడు. ఎందుకో చెప్పడు. పాఠకులకూ చెప్పడు. ఎన్నో పుటలు గడిచి, సింహాసనం కోసం దండెత్తిన స్టానిస్ నౌకలు రాజధాని పక్కనున్న బ్లాక్‌వాటర్ నదిలోకి చొరబడి, పచ్చటి మంటలు పుట్టించే వైల్డ్‌ఫైర్ ద్రవం భగ్గుమన్నాక ఆ గొలుసు నీళ్లలోంచి లేస్తుంది. ఇక వెనక్కి దారి లేదు. (కాన్‌స్టాంటినోపుల్‌లో గోల్డెన్ హార్న్‌కు నిజంగానే ఇలాంటి గొలుసు అడ్డం కట్టేవారు.)

నాకు మరీ ముచ్చటేసేది టిరియన్ అంతకుముందు, తన రహస్యాలు అక్కకు మోసేదెవరో పట్టుకోడానికి వేసిన ఎత్తు. మేనకోడలి పెళ్లి గురించి ముగ్గురు మంత్రులకు మూడు వేర్వేరు కబుర్లు చెప్తాడు. అక్క సెర్సీ చెవిన పడిన కబురును బట్టి దొంగ దొరికిపోతాడు: ముసలి పైసెల్. రక్తం చుక్క చిందలేదు.

యుద్ధంలో హౌండ్ అనే భీకర యోధుడంతటివాడు మంటలకు జడిసి కదలనంటే, దళాన్ని వెంటబెట్టుకుని కోట బయటికి వెళ్లిందీ టిరియనే. చివరికి ఏం దక్కింది? ముక్కులో చాలా భాగం తెగిపోయింది. అధికారం తండ్రి టైవిన్ చేతికి పోయింది. గెలుపు తాలూకు పేరూ ఆయనకే, ఆయనతో కలిసి సాయానికొచ్చిన టైరెల్ వంశానికే.