మూడు రూపాయల వడ్డీ

షేర్ల గురించి చెప్పేవాళ్లు తిరుపతిలో చాలామందే ఉన్నారు, నేను మాత్రం చిన్న పనులు చేసుకుని బతికేవాళ్ల డబ్బు లెక్కలే తెలుగులో చెప్పాలని మొదలుపెట్టాను. బైరాగిపట్టెడలో బట్టలు కుట్టే ఒక అక్క కూతురి ఫీజు కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చింది. నెలనెలా 1,500 కడుతూనే ఉంది, అసలు మాత్రం అట్లే ఉంది. ఏడాదికి 18,000, అంటే 36 శాతం అని కాగితం మీద వేసి చూపిస్తే, "మూడే కదా అనుకుంటిని నాయనా" అని చాలాసేపు ఆ కాగితమే చూస్తా కూర్చుంది. బీరువాలో నగలున్నాయి, బ్యాంకులో కుదువ పెడితే ఇందులో సగం వడ్డీ కూడా పడదు, కానీ ఆమెకు ఆ మాట చెప్పినవాళ్లే లేరు, నాకు బాధంతా అదే.

ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా అంతే. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండి బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఆటో నడిపే అన్నలకైనా ఇది ఉండాలి కదా!

ఈ ఆదివారం అందరం కూర్చుని చీటీల లెక్కలు చెప్పుకుంటున్నాం. మీ చీటీ రిజిస్టర్ అయిందో లేదో ముందే అడిగి రండి.