చెయ్యి వణకడం ఎప్పుడు ఆగిందంటే

పాము పెంచుతున్నానంటే ఎవరైనా అడిగేవి రెండే: "విషం ఉండదా?", "పోలీసులు పట్టుకోరా?" మొదటిదానికి జవాబు తేలిక. నాది బాల్ పైథాన్. పశ్చిమ, మధ్య ఆఫ్రికా జాతి, విషం లేదు. రెండోదానికి కాస్త ఓపికగా చెప్పాలి. నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ, ఇవేవీ ఇంట్లో పెట్టుకోకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకైతే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. కాగితాల్లేకుండా చవగ్గా ఇస్తామని ఎవరైనా అంటే అటువైపు పోకండి.

అసలు కష్టం కాగితాలు కాదు, పెట్టె మూత తీయడం. పిల్ల పాము, అడుగున్నర పొడవు కూడా లేదు. మొదటి వారం ముట్టుకోవద్దని, తిండి తినడం మొదలుపెట్టాకే చెయ్యి పెట్టమని నాకు ఇచ్చినాయన గట్టిగా చెప్పాడు. నాకదే కావాలి! "దాని కోసమే ఆగుతున్నా" అని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నా. అమ్మ నమ్మితే కదా. "నీ పురుగుకు నువ్వే భయపడితే మా సంగతేంటే?" అంది. ఏటా నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వచ్చే మనిషి, ఆ గది గడప మాత్రం తొక్కదు.

అది ఎలకపిల్లను మింగింది, రెండు రోజులు గడిచాయి, ఇక నా దగ్గర సాకుల్లేవు. చెయ్యి లోపలికి పోతుంది, మధ్యలో ఆగుతుంది. అది మెడను మెలికలా వెనక్కి లాగుతుంది. నేను చెయ్యి లాక్కుంటాను. మళ్లీ మొదలు. తమ్ముడు తలుపు దగ్గర నిలబడి "అక్కా, నువ్వు పట్టుకునేలోపు అది పెద్దదైపోతుంది" అని ఒకటే నవ్వు.

దీని పై పెదవి వెంట చిన్న గుంటలు వరుసగా ఉంటాయి. ఒంటి వేడిని పసిగట్టేది వాటితోనే. చీకట్లో ఎలకను పట్టేదీ అలాగే. మరి మొహం ముందు వెచ్చటి చెయ్యి వచ్చి, ఆగి, కాస్త కదిలి, వెనక్కి పోతుంటే అదేమనుకోవాలి? తినేదో, తనను తినొచ్చేదో తేలదు. పైనుంచి వస్తే ఇంకా బెదురుతుంది, గద్దలు వచ్చేది అటునుంచే కదా. అది తెలిశాక పద్ధతి మార్చాను. ముందు కాగితం చుట్టతో ఒంటి మీద మెల్లగా తాకిస్తాను. తల కాస్త వెనక్కి తీసుకుంటుంది, అంటే మేలుకుంది, వచ్చింది తిండి కాదని తెలిసింది. అప్పుడు పక్కనుంచి, నడుము కింద చెయ్యి పోనిచ్చి, ఆగకుండా ఎత్తేస్తాను. తల జోలికి పోను, తోక పట్టి లాగను. వద్దనుకుంటే మూత తీయకముందే వద్దనుకోవాలి.

మొదటిసారి చేతిలోకి వచ్చినప్పుడు జిగటగా ఉంటుందనుకున్నా. పొడిగా, నున్నగా, చల్లగా ఉంది. వేళ్ల చుట్టూ ఒక్కో కండా బిగుసుకుని, వదిలి, మళ్లీ బిగుసుకుంటూ ముందుకు పాకుతుంటే తెలిసిపోతుంది, అది నన్ను పట్టుకుంటోంది, పడిపోతానేమోనని. భయం నాకొక్కదానికే కాదన్నమాట. అప్పట్నుంచి నేల మీద కూర్చునే తీస్తున్నాను, జారినా దెబ్బ తగలకుండా.

ఓసారి మణికట్టు మీద కాటేసింది. రెప్పపాటులో అయిపోయింది. రేగుముల్లు గీసుకున్నంత, రెండు మూడు రక్తపు చుక్కలు. సబ్బుతో కడుక్కున్నా. నిజం చెప్పాలంటే సగం టెన్షన్ ఆ రోజే పోయింది.

మిగతా సగం దాన్ని చూస్తూ చూస్తూ పోయింది. నాలుక నిదానంగా ఆడిస్తే పరిసరాలు చూసుకుంటోంది, పర్లేదు. తల లోపల దాచుకుని ఉండలా చుట్టుకుంటే బెదిరింది, పెట్టెలో పెట్టేయాలి. కుబుసం విడిచే ముందు కళ్లు మసకబారి నీలంగా అవుతాయి, ఆ రోజుల్లో సరిగ్గా కనపడదు, అస్సలు కదిలించను. తిన్నాక రెండు రోజులూ అంతే, కదిపితే కక్కేస్తుంది. ముట్టుకునే ముందు చేతులు కడుక్కుంటాను, ఎలక వాసన ఉండకూడదు. తర్వాతా కడుక్కుంటాను, పాముల ఒంటి మీద ఉండే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంది కాబట్టి. చలికాలంలో హైదరాబాద్ రాత్రులు దానికి పడవు. పెట్టెలో ఒక వైపు 31, 32 డిగ్రీలు ఉండేలా హీట్ మ్యాట్, థర్మోస్టాట్ పెట్టాను. మే నెలలో తిప్పలు వేరు, గాలి పొడిబారితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, అందుకు తడి నాచు పెట్టిన డబ్బా ఒకటి.

మొన్న వానల్లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి పాము వచ్చింది. వాచ్‌మన్ పరుగున వచ్చి "మేడమ్, మీకు పాములు పట్టడం వచ్చు కదా, జర రండి" అన్నాడు. రానన్నాను. అది కట్లపామో, రక్తపింజరో ఎవరికి తెలుసు? పాముల్ని పట్టి కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఎవరూ దిగకుండా మెట్ల దగ్గర నిలబడ్డాను. చివరికి చూస్తే అది నీటిపాము. వాచ్‌మన్ మాత్రం ఇప్పటికీ నన్ను అదోలా చూస్తాడు.