ఎర్రనీటి రంగు

మా అమ్మాయి పంపిన మూడు డిజిటల్ బొమ్మలూ తిరిగొచ్చేశాయి. మేముండే టెక్సాస్‌లో హైస్కూల్ పిల్లల కోసం పెట్టిన ఒక ప్రదర్శనకి పంపింది. మూడూ మా కోనసీమవే: గోదారి, కొబ్బరితోట, అరుగు మీద లేసు అల్లుతున్న అమ్మమ్మ. తీసుకోలేమన్న ఉత్తరంతో పాటు ఎందుకో కూడా రాశారు. వెలుతురు ఏ వైపు నుంచి వస్తోందో తెలియడం లేదు. నీడలన్నీ ఉన్న రంగులో నలుపు కలిపినట్టున్నాయి. దగ్గరి చెట్టూ దూరపు చెట్టూ ఒకే పదునుతో ఉన్నాయి. తోటలో నేలమీద వెలుగు మచ్చలు మరీ ఎక్కువ. ఈ నది ఎక్కడిదైనా కావచ్చు.

"వాళ్ళకి మన కల్చర్ తెలీదమ్మా" అంది. రెండు రోజులు ఐప్యాడ్ ముట్టుకోలేదు.

పరాయి దేశంలో పెరిగే పిల్లలకి ఈ మాట చాలా తేలిగ్గా దొరుకుతుంది. అది నిజమైన సందర్భాలు మా ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి కొట్టిపారేయలేను. కానీ నీడలో నలుపు ఎక్కువైందని చెప్పడానికి గోదారి జిల్లాలో పుట్టక్కర్లేదు. ఎలాగూ జులైలో ఊరు వెళ్తున్నాం, అక్కడే చూసి తేల్చుకుందాం అన్నాను.

ఊళ్ళో మా అమ్మ ఆ గోదారి బొమ్మ చూసి మొహమాటపడలేదు. "ఇదే ఊరి నదమ్మా? మన గోదారి ఇంత నీలంగా ఎప్పుడుందీ?" అంది. బడిలో ఏం వేసినా బావుందనే మాటే విన్న పిల్ల, ఒక్కసారిగా నా మొహం చూసింది. నేనేం మాట్లాడలేదు. మర్నాడు సఖినేటిపల్లి రేవుకి వెళ్ళి నది దాటించే నరసాపురం పంటు ఎక్కాం.

ఎర్రనీరు వచ్చే రోజులవి. ఎగువన వానలు పడితే ఇక్కడి గోదారి పాయ వశిష్ఠ మట్టిని మోసుకొస్తుంది, పులస చేపలు ఎదురెక్కేదీ ఆ నీటిలోనే. పంటు అంచున నిలబడి కిందకి చూస్తే నీరు పూర్తిగా మట్టిరంగు. తలెత్తి అవతలి ఒడ్డు వైపు చూస్తే అదే నీటి మీద తెల్లటి ఆకాశం. నిటారుగా చూసినప్పుడు నీటిలోని ఒండ్రు కనపడుతుంది, ఏటవాలుగా చూసినప్పుడు ఆకాశం ప్రతిఫలిస్తుంది. అంటే నదికి ఒక్క రంగు వేస్తే సరిపోదు, దగ్గర నుంచి దూరానికి మారుతూ పోవాలి. అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు కూడా పచ్చగా లేవు. గాలిలో తేమకి బూడిదరంగులోకి తిరిగి, అంచులు మెత్తబడి ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే తను ఐప్యాడ్ తీసి తన బొమ్మని నలుపు తెలుపులోకి మార్చి చూసుకుంది. ఒడ్డూ నీరూ ఆకాశమూ దాదాపు ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. ఆ ఉత్తరంలో మాటలు ఎక్కడ తగులుతున్నాయో అప్పుడు దానికే కనపడింది.

తోటలో మాత్రం వేరేగా జరిగింది. కొబ్బరాకుల సందుల్లోంచి పడే ఎండ నిజంగానే నేలంతా మచ్చలూ చారలూ పరుస్తుంది. ఆ మచ్చలు తగ్గించనంది మా అమ్మాయి. నాకు అదే సబబనిపించింది. విమర్శలో నాలుగు మాటలు తీసుకుని, ఐదోది చూసి, ఆలోచించి వదిలేయగలిగితే ఇంక ఆ పిల్ల గురించి నాకు బెంగ లేదు.

నాకు బెంగంతా చుట్టాల దగ్గర. "ఫలానా వాళ్ళ పిల్ల ఎంత బాగా వేస్తుందో" అని మొదలుపెట్టిన పెద్దవాళ్ళని అక్కడే ఆపాను. మా అమ్మ నదిని తప్పుపట్టింది, పిల్లని కాదు. ఈ తేడా మన ఇళ్ళల్లో తరచూ చెరిగిపోతుంది. అమెరికాలో పిల్ల నొచ్చుకుంటుందని అసలు మాటే దాచేస్తారు. రెంటిలో ఏదీ నాకొద్దు.

తిరుగు దారిలో రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్ళాను. 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆయనలోని చిత్రకారుణ్ణి గుర్తించి ప్రోత్సహించింది అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే, ఒక ఇంగ్లీషాయన. ఈ సంగతి విన్నాక మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెన్సిల్ స్కెచ్‌ల దగ్గర చాలాసేపు నిలబడింది. పెయింటింగుల దగ్గర అంతసేపు నిలబడలేదు.

ఇప్పుడు గోదారి బొమ్మ మళ్ళీ మొదటి నుంచి వేస్తోంది. నీడల్లో నలుపు మానేసి ముదురు ఆకుపచ్చలూ, ఊదాలూ వాడుతోంది. లేసు బొమ్మ పక్కన పెట్టేసింది, అల్లే చేతులు గీయడం కుదరడం లేదట. అదే ప్రదర్శనకి మళ్ళీ పంపుతుందో లేదో నేను అడగడం లేదు. మొన్న వీడియో కాల్‌లో అమ్మమ్మకి చూపించింది. "నీళ్ళు కుదిరాయమ్మా. పంటు మీద జనమేరీ?" అంది అమ్మ. రాత్రి చూస్తే ఇంకో లేయర్ మీద మోటార్‌సైకిళ్ళూ మనుషులూ గీస్తూ కూర్చుంది.