ఎన్ డాలర్ సున్నా

మన బ్యాచ్ సంచిక కోసం కమిటీ వాళ్ళు ఫోన్ చేసి బడి గురించి రెండు పేజీలు రాయమన్నారు. ఆటల పోటీలు, వనభోజనాలు, గోడ దూకిన కథలు మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను లెక్కల మాస్టారి గురించే రాస్తాను, అదీ తొమ్మిదో తరగతి కంప్యూటర్ గది వరకే. ఎనిమిదో తరగతి నాకు పెద్దగా గుర్తులేదు. పదో తరగతంతా స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లే.

బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ప్రభుత్వం పెట్టిన క్లాస్ ప్రాజెక్టు 1984లో మొదలైనా, ఆ బీబీసీ మైక్రో కంప్యూటర్లు మన దాకా వచ్చేసరికి 1986 అయింది. ల్యాబ్ పక్క గది, ఆకుపచ్చ కర్టెన్లు, గడప బయట చెప్పుల గుట్ట. ఆ గుట్ట దగ్గర ఏం జరిగిందో మన బ్యాచ్‌కి నేను చెప్పనక్కర్లేదు.

ప్రోగ్రాంలో అరే అంటే ఒకే పేరు కింద నంబర్లు వేసిన గదుల వరస. ఆ పాఠం మాస్టారు కంప్యూటర్ ముందు చెప్పలేదు. అందరినీ వరండాలో వరసగా నిలబెట్టారు. "ఇవాళ్టి నుంచి మీ అందరి పేరూ ఒకటే, ఎన్ డాలర్. నంబరు పిలిస్తే ఆ నంబరు వాళ్ళు పలకాలి" అన్నారు. ఎన్ డాలర్ ఏడు అంటే ఏడోవాడు తన పేరు చెప్పాలి. మధ్యలో ఉన్నట్టుండి "ఎన్ ఏడు" అనేవారు. అప్పుడు పలికినవాడు అవుట్. డాలర్ లేకపోతే అది అంకెల అరే, అందులో పేర్లుండవు. "డాలర్ లేదుగా సార్!" అన్న మాట ఆ ఏడాదంతా మనతోనే తిరిగింది. పెళ్ళిళ్ళలో కలిసినా ఇప్పటికీ అదే పలకరింపు.

లెక్క సున్నా నుంచి మొదలవుతుందని కూడా ఆ వరండాలోనే తెలిసింది. అరేకి ఎన్ని గదులో ముందే చెప్పే ఆదేశం డిమ్. డిమ్ ఎన్ డాలర్ 48 అని రాస్తే 49 గదులు వస్తాయి. చాలామంది ఆ సున్నా గదిని వాడకుండా వదిలేస్తారు. మాస్టారు వదలనివ్వలేదు. అందులో క్లాస్ టీచర్ పేరు పెట్టించారు. ఏ సెక్షన్ జాబితా తీసినా మొదట టీచరు, తర్వాత పిల్లలు.

అక్టోబరులో బదిలీ మీద కొత్తబ్బాయి వచ్చాడు గుర్తుందా, ఫిలిప్స్ రేడియో వాళ్ళబ్బాయి. అతని పేరు 49లో పెట్టబోతే తెర మీద 'సబ్‌స్క్రిప్ట్' అని పడింది, అంటే ఆ నంబరు గది లేదని. సరే, మళ్ళీ డిమ్ రాద్దామంటే 'బ్యాడ్ డిమ్'. ఒకసారి కట్టిన అరేని ప్రోగ్రాం నడుస్తుండగా పెంచనివ్వదు మేం రాసే ఆ కంప్యూటర్ భాష, బేసిక్. ఆ రోజు నుంచి మాస్టారు ఏ జాబితాకైనా పది గదులు ఎక్కువ వేయించారు, "బడి అన్నాక పిల్లలు వస్తూనే ఉంటారు" అని.

ఆ తర్వాత రిజిస్టరు. అందులో ముందు అబ్బాయిలు, తర్వాత అమ్మాయిలు. పేర్లను అక్షర క్రమంలో పెట్టే మన ప్రోగ్రాం రెండు గదులు తీసుకుని ఏ పేరు వెనక రావాలో చూసి చోటు మార్చడమే చేస్తుంది, ఎవరు అబ్బాయో ఎవరు అమ్మాయో దానికేం తెలుసు? మొదటిసారి అందరి పేర్లూ కలిసిపోయి ఒకే వరసలో తెర మీదకొచ్చినప్పుడు గదిలో లేచిన గోల హెడ్మాస్టరు గారి రూం దాకా వెళ్ళింది. చిన్న అక్షరాలతో కొట్టిన పేరొకటి జెడ్ తర్వాత ఎక్కడో అడుగున తేలింది. ఎవరిదో వాళ్ళకు తెలుసు. కంప్యూటర్ అక్షరాలకిచ్చే నంబర్ల వరసలో, అంటే ఆస్కీలో, పెద్ద అక్షరాలన్నీ ముందు, చిన్నవి వెనక. క్యాప్స్ లాక్ దీపం చూసుకోకుండా మనలో ఎవరూ మళ్ళీ కీబోర్డు ముట్టుకోలేదు.

మాస్టారికి అదీ చాల్లేదు. ఇంటిపేరు ఇనిషియల్‌గా ముందుండటంతో కె అన్నవాళ్ళంతా ఒకచోట గుంపుగా చేరారు. "పిలిచేది పేరుతో కదా, ఇనిషియల్‌తో కాదు కదా" అని, ఇన్‌స్ట్రింగ్‌తో చుక్క ఎక్కడుందో వెతికించి, మిడ్ డాలర్‌తో ఆ తర్వాతి ముక్క కోయించి, దాన్ని బట్టి వరస పెట్టించారు. మన శ్రీనివాసులందరూ ఒకరి కింద ఒకరు నిలబడ్డారు.

అసలు కష్టం పై తరగతులన్నీ కలిపి నాలుగు వందల పైచిలుకు పేర్లు ఎక్కించినప్పుడు వచ్చింది. సార్టింగ్ సగంలో 'నో రూం'. మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. పేర్లు అంత పెద్దవేం కావు, మరి చోటంతా ఏమైంది? రెండు రోజులు మాస్టారు మధ్యాహ్నం భోజనానికి కూడా కదల్లేదు. చివరికి పట్టుకున్నారు. చిన్న పేరున్న గదిలోకి పెద్ద పేరు వస్తే ఆ బేసిక్ దానికి వేరేచోట కొత్త స్థలం ఇస్తుంది, పాతదాన్ని మళ్ళీ ఎవరికీ ఇవ్వదు. ఇల్లు చాలక కొత్తింటికి మారి, పాతింటికి తాళం వేసి వదిలేసినట్టన్నమాట. అందుకని ప్రతి గదిలో ముందే 24 ఖాళీలు నింపించి, వెంటనే తీసేయించారు. స్థలం ఆ గది పేరిటే ఉండిపోతుంది. తర్వాత ఏ పేరొచ్చినా అందులోనే సర్దుకుంటుంది.

జాబితా పూర్తిగా వచ్చింది కానీ, లంచ్ బెల్లు కొట్టేలోపు అవలేదు. అప్పుడు అన్న మాట ఇది: "పేర్లెందుకురా కదపడం? వాటిని ఉన్నచోటే ఉండనివ్వండి. నంబర్లు కదపండి." ఇంకో అరే, అంకెలది. అందులో మొదటి గదిలో 212 ఉంటే, వరసలో మొదటి పేరు 212వ గదిలో ఉందని. పేర్లు ఒక్క అంగుళం జరగవు, అంకెలు మాత్రమే చోట్లు మారతాయి. గదుల్లో స్థలం పెరగాల్సిన పనే లేదు కాబట్టి ఆ 24 ఖాళీల అవసరమూ తీరింది. కావాలంటే మార్కుల వరసకి ఇంకో అంకెల అరే, పుట్టినరోజుల వరసకి ఇంకోటి. పేర్లు మాత్రం ఒకే చోట.

ఇంజనీరింగ్‌లో చేరాక డేటాబేస్ ఇండెక్స్ పాఠం, అంటే అసలు వివరాలు కదపకుండా వరస మాత్రం విడిగా ఉంచుకోవడం, మొదలైన రోజు నేను వెనక బెంచీలో ముందే నవ్వుకుంటూ కూర్చున్నాను. ఇవాళ నా ఉద్యోగం అదే. నేనూ మా టీమూ చూసుకునే పట్టికల్లో కోట్ల పేర్లుంటాయి. వెతకడం ఆలస్యమైందని అర్ధరాత్రి ఫోనొస్తే టెన్షన్ పడను. ముందు ఏది కదులుతోందో, ఏది కదలక్కర్లేదో చూస్తాను. మా అమ్మాయి పైథాన్ నేర్చుకుంటోంది, జాబితాకి ఎన్ని గదులో ముందు చెప్పే పని దానికి లేదు. అయినా ఒక ఆదివారం దాన్ని కూర్చోబెట్టి పేర్లు కదపకుండా వరస పెట్టడం నేర్పాను. వాళ్ళ కాలేజీలో అది రాసిన పద్ధతి చూసి ఎవరు నేర్పారని అడిగారట. "మా నాన్నగారి లెక్కల మాస్టారు" అని చెప్పింది.

కమిటీ వారికి ఒక మనవి. సంచిక చివర వేసే అడ్రసుల జాబితా నేను తయారు చేసి పంపాను. ఇనిషియల్ చూడకుండా పేరును బట్టి, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిపే వరస పెట్టాను. మొదటి పేరుకు పైన, సున్నా నంబరు దగ్గర మాస్టారి పేరుంది. నంబరింగ్ తప్పనుకుని ప్రెస్‌లో దాన్ని ఒకటిగా మార్చకుండా చూడండి.