బడి పిల్లల డ్రమ్ముకు ఇత్తడి నట్టు

"బడి పిల్లలకు ఇది చాలు కదమ్మా" అని బడికి డ్రమ్ములమ్మిన కొట్టాయన ఫోనులో అన్న మాట సాయంత్రం నుంచి చెవుల్లోనే ఉంది. కోపం కాస్త తగ్గాక రాద్దామనుకున్నాను గానీ, రాత్రి పదకొండయినా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఆగస్టు 15 కవాతుకు బడిలో సాధన మొదలైంది. సైడ్ డ్రమ్ము పైతోలు సడలిందని మా చిన్నవాడు వరండాలో కూర్చుని, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా కీతో బిగిస్తున్నాడు. వాటిలో ఒకటి మాత్రం ఎంత తిప్పినా పట్టు దొరక్క గిర్రున తిరిగింది. విప్పి చూస్తే దాని మరల సందుల్లో బూడిదరంగు పొడి ఉంది. బోల్టు ఉక్కుది, దానికేమీ కాలేదు. ఆ పొడి లగ్గులో నుంచి, అంటే బోల్టు దిగడానికి డ్రమ్ము ఒంటికి బిగించిన లోహపు ముక్కలో నుంచి రాలింది. మంచి డ్రమ్ములో లగ్గు జింకు పోతదే అయినా, లోపల విడిగా ఒక ఇత్తడి నట్టు ఉండి బోల్టు లాగుడంతా తాను భరిస్తుంది. ఇందులో ఆ నట్టే లేదు. మెత్తటి జింకులోనే నేరుగా మర కోసి, పైన తళతళలాడే పూత వేసి పంపించారు. 14 అంగుళాల తోలును ఎనిమిది వైపుల నుంచి లాగి పట్టుకోవలసిన పనిలో ఒకటి వదిలేస్తే ఆ భారం పక్కనున్న రెండింటి మీద పడుతుంది, ఆ రెండూ కూడా జింకు మరలే.

ఆ ఒక్కటే అయితే ఇంత బాధపడేదాన్ని కాదు. అడుగున స్నేర్ తీగలను పట్టి ఉంచే లివరు సంగతి ఇంకా అధ్వానం. సైడ్ డ్రమ్ముకు ఆ చరచర వచ్చేదే ఆ తీగల వల్ల: పైన కర్ర పడగానే లోపలి గాలి కదిలి, కాగితం కన్నా పల్చనైన కింది తోలును అదిరిస్తుంది, దానికి ఆనుకుని ఉన్న ఇరవై సన్నని ఉక్కు చుట్టతీగలు పలుకుతాయి. లివరు ఎత్తితే తీగలు తోలుకు ఆనాలి, దించితే వదలాలి. ఈ డ్రమ్ములో నాలుగు దెబ్బలు పడేసరికి ఆ అదురుకే లివరు జారి కిందికి వస్తుంది, దాని పక్కన బిగువు సర్దే మర కూడా వదులవుతుంది, వరుసలో నడుస్తున్న పిల్లవాడు వంగి దాన్ని మళ్లీ ఎత్తుకోవలసి వస్తుంది. తీగలను కట్టిన దారం రెండు కొనలా సమంగా లేకపోవడం వల్ల ఒక పక్క తీగలు తోలును నొక్కుతుంటే మరో పక్కవి గాలిలో ఉంటాయి. పైతోలును అంచున పట్టి ఉంచే రింగును ఊడదీసి వంటింట్లో కడప బండ మీద పెట్టి చూశాను. ఒక వైపు వేలితో నొక్కితే ఎదురు వైపు లేచింది, లేచిన సందులో రూపాయి బిళ్ల సునాయాసంగా దూరింది. అలాంటి రింగును ఎంత జాగ్రత్తగా బిగించినా తోలు ఒక చోట గట్టిగా, ఒక చోట మెత్తగా పలకక తప్పదు.

ఇవన్నీ వరుసగా చెప్పి అడిగినందుకే కొట్టాయన ఆ మాట అన్నాడు. చెయ్యి ఇంకా కుదరని పిల్లలకే మంచి సామాను కావాలని నా వాదన. ఏళ్ల తరబడి వాయించినవాడు లోపమున్న డ్రమ్ములో నుంచి కూడా ఏదో విధంగా నాదం రాబట్టగలడు. నేర్చుకుంటున్న పిల్లవాడు మాత్రం అది గరగరలాడినప్పుడల్లా లోపం తన చేతిలోనే ఉందనుకుంటాడు. మావాడు ఇన్నాళ్లూ అలాగే అనుకుని, నాతో చెప్పకుండా రాత్రిళ్లు దిండు మీద కర్రలతో సాధన చేస్తున్నాడని ఈరోజే తెలిసింది.

ఇలాంటప్పుడు పెండ్లి మేళాల్లో వాయించిన నాయన డ్రమ్ము గుర్తుకు రాకుండా ఉంటుందా? మీరట్‌లోని జలీ కోఠీ అనే వాద్యాల బజారు నుంచి రైలు పార్సిలులో గుంతకల్లుకు వచ్చిన ఆ ఇత్తడి డ్రమ్ము గురించి ఇదివరకు ఇక్కడ రాశాను. పెండ్లి ఊరేగింపులు లేని రోజుల్లో దాన్ని చింతపండుతో తోమే పని నాది. ఒళ్లంతా తోమడం తేలికే. లగ్గుల కింద, రింగు మడతలో నల్లగా పేరుకున్న చిలుము వదలడానికి మాత్రం పుల్లకు గుడ్డ చుట్టి రుద్దవలసి వచ్చేది, రుద్ది రుద్ది నా వేళ్ల కొనలు పులుపుకు ముడతలు పడేవి. నాయన పక్కనే కూర్చుని ఒక్కొక్క బోల్టునూ విప్పి, కొబ్బరినూనె తగిలించి, దేని చోట దాన్నే తిరిగి పెట్టేవాడు. అప్పుడు దానికి ఉన్నది అసలు తోలు. ధర్మవరం వైపు వైశాఖం ఎండల్లో అది బిగుసుకుని చిట్లిపోతుందని, మేళం ముగిసిన వెంటనే, భోజనానికి కూడా కూర్చోకుండా, బోల్టులన్నీ సడలించేవాడు. 1957లో రెమో బెల్లీ అనే ఆయన అమెరికాలో మైలార్ అనే ప్లాస్టిక్‌తో డ్రమ్ము తోళ్లు చేసే కంపెనీ పెట్టిన తరువాత ప్రపంచంలోని డ్రమ్ములు క్రమంగా ప్లాస్టిక్ తోలుకు మారాయి, ఎండా వానా బెంగ తీరింది. మా నాయనకు ఆ సౌఖ్యం చాలా ఆలస్యంగా అందింది. అమ్మ మాత్రం పాత తోలు పలుకే పలుకని ఇప్పటికీ అంటుంది.

ఆ డ్రమ్ముకు ఎన్నడూ ఏమీ కాలేదు, ఆ కాలపు పనితనం అలాంటిది, ఇప్పటిదంతా పైపూతే అని ముగించాలని ఈ టపా మొదలుపెట్టాను. ఇక్కడిదాకా వచ్చాక లేతు షాపు చాచా మాట అడ్డం వస్తోంది. ఏడు గంటలప్పుడు లగ్గు విప్పుకుని గుత్తి రోడ్డుకు వెళ్లి, నాయన డ్రమ్ము గొప్పతనం చెబుతూ దీన్ని ఆయన చేతిలో పెట్టాను. ఆయన నవ్వి, "ఇరగని సామాను యాడుండాది పాపా? మీ నాయన డ్రమ్ము పెండ్లిండ్ల కాలమంతా నా బల్ల మీదనే ఉండె" అన్నాడు. అప్పుడు నేను పట్టించుకోలేదు. రాస్తుంటే అర్థమవుతోంది. అదీ విరిగేది. దాని ప్రతి ముక్కా విడిగా ఊడేది, దాని మరలు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతవి, ఆ కొలత మర కోసే ట్యాపులు చాచా సొరుగులో ఇప్పటికీ నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. అరిగిన నట్టు తీసేసి, ఊళ్లోనే చేసిన నట్టు అదే చోట పెట్టి, ఆ రాత్రే మేళానికి వెళ్లేవాడు నాయన.

మరి ఈ కొత్తదాని కొలత చాచా దగ్గరున్న ఏ ట్యాపుకూ సరిపోలేదు. అంగుళానికి 24 మరలు, ఐదున్నర మిల్లీమీటర్ల లావు. దాని మీద కూడా నాలుగు మాటలు అనాలనుకున్నాను గానీ అది న్యాయం కాదు. ప్రపంచంలో చాలా డ్రమ్ములకు వాడేది ఆ అమెరికా కొలతే. చాచా దానితో తగవు పెట్టుకోకుండా లగ్గు రంధ్రాన్ని పెద్దది చేసి, ఇత్తడి కడ్డీ ముక్కను లేతు మీద తరిగి, బోల్టు లాగినప్పుడు పైకి ఊడి రాకుండా లోపలి కొనకు అంచు ఉంచి, ఆరు మిల్లీమీటర్ల మర కోసి అందులో దిగ్గొట్టాడు. చదరపు తల ఉన్న బోల్టు ఆ లావులో లేకపోతే, మామూలు ఆరు పలకల బోల్టును పట్టకారులో బిగించి ఆకురాయితో నాలుగు పలకలుగా అరగదీశాడు. రెండు రాపిడులకొకసారి మా కీ తొడిగి చూసుకున్నాడు. కీ ఆడకుండా కూర్చున్నాక గానీ బోల్టు నా చేతికివ్వలేదు. రింగు చెవి రంధ్రం కూడా ఆ మేరకు పెంచాడు.

ఇంటికి వచ్చి లివరు మరకు నైలాక్ నట్టు, అంటే అదురుకు వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు వేశాను. చినిగిన పాత ప్లాస్టిక్ తోలులో నుంచి అంగుళం వెడల్పు పట్టీలు రెండు కోసి, దారం బదులు వాటితో తీగలు కట్టాను. తీగలు ఇప్పుడు రెండు పక్కలా సమంగా ఆనుతున్నాయి, లివరు జారడం లేదు. చిన్నవాడు పడుకునే ముందు ఒక్కసారి వాయించాడు, బాగా పలికింది.

కొత్తది కొందామని ఈయన అంటున్నారు. సాయంత్రం నేనూ అదే అనుకున్నాను, ఇప్పుడు వద్దనిపిస్తోంది. దీని స్టీలు ఒళ్లు వంకర లేకుండానే ఉంది, తక్కువ ధర కావడం తప్పేమీ కాదు, ఆ ధర వల్లే కదా బడి ఇన్ని డ్రమ్ములు కొనగలిగింది. తక్కువలో చేసినా, బొటనవేలి గోరంత ఇత్తడి మిగుల్చుకోవడానికి నట్టు ఎగ్గొట్టకూడదు. కొట్టాయన మీద నా కోపం ఆ మేరకు ఉండనే ఉంది, మిగిలిన ఏడు లగ్గులకూ నట్లున్నవి ఇమ్మని రేపు మళ్లీ ఫోను చేస్తాను. ఇవ్వకపోతే చాచా చేత చేయిస్తాను. బడిలో మిగతా పిల్లల డ్రమ్ములు కూడా ఈ రకానివే కాబట్టి, కవాతు లోపల ప్రతి దానిలో ఒక బోల్టు విప్పి చూడనివ్వమని హెడ్‌మాస్టరు గారిని అడగాలి. రింగు వంకర మాత్రం అలాగే ఉంది, దాన్ని పొద్దున తీసుకురమ్మన్నాడు చాచా.