‘కైవసం చేసుకుంది’ అన్న వార్తను పరీక్ష కోసం ఎలా చదవాలి?

గ్రూప్‌-1, గ్రూప్‌-2 పరీక్షలకు విజయవాడలో సిద్ధమవుతున్న మిత్రులకు, నా ప్రిపరేషన్‌లో బాగా ఉపకరించిన ఒక పద్ధతిని వివరంగా చెప్పాలనుకుంటున్నాను. ఠాగూర్ గ్రంథాలయంలో పత్రికలు చదివేటప్పుడు, క్రీడా వార్తలోనైనా ఎన్నికల వార్తలోనైనా ‘కైవసం చేసుకుంది’ అన్న క్రియ కనిపిస్తే, ఎవరు, దేనిని, ఏ దశలో అన్న మూడు వివరాలూ రాసుకున్న తర్వాతే పేజీ తిప్పేవాడిని.

వీటిలో దశ అన్నింటికన్నా ముఖ్యం. 2024లో ఇంగ్లండ్‌తో ఆడిన అయిదు టెస్టుల సిరీస్‌ను భారత్ ఫిబ్రవరి 26న రాంచీలో నాలుగో టెస్టు గెలవడంతోనే కైవసం చేసుకుంది. అప్పటికి లెక్క 3-1. ధర్మశాలలో ఆఖరి టెస్టు ఇంకా మిగిలే ఉంది. దానిలోనూ నెగ్గడంతో తుది ఫలితం 4-1 అయింది. రాంచీ వార్త దగ్గరే ఆగిపోయిన అభ్యర్థికి పరీక్షలో 3-1 అన్న ఆప్షనే సరైనదిగా తోస్తుంది. ఇందులో విలేకరి తప్పేమీ లేదు. సిరీస్ ఇక ప్రత్యర్థికి దక్కదని ఆయన రాశారే తప్ప, సిరీస్ ముగిసిందని రాయలేదు. అందుకే నేను అలాంటి వార్త పక్కన ఒక గడి ఖాళీగా వదిలేవాడిని. ధర్మశాల టెస్టు మార్చి 9న ముగిశాక అందులో ఎర్ర సిరాతో 4-1 అని రాసుకున్నాను.

ఎన్నికల వార్తల్లో కర్త ఎవరో చూడాలి. 2024 శాసనసభ ఎన్నికల్లో 175కు 164 స్థానాలను కైవసం చేసుకున్నది కూటమి. అందులో తెలుగుదేశానివి 135, జనసేనవి 21, భాజపావి 8. మన ఎన్టీఆర్ జిల్లాలోని ఏడు స్థానాలూ కూటమివే అయినా, విజయవాడ పశ్చిమ భాజపాది. ప్రశ్న పార్టీని అడుగుతోందా, కూటమిని అడుగుతోందా అన్నది చూడకుండా జవాబు గుర్తించకూడదు.

గ్రూప్‌-1 మెయిన్స్ తెలుగు పేపరులో అనువాదం ఉంటుంది కాబట్టి, ఇంగ్లిష్ పత్రికలు విరివిగా వాడే ‘క్లించ్‌’ (దక్కించుకోవడం, ఖాయం చేసుకోవడం) అన్న క్రియనూ సాధన చేయడం మంచిది. కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చెస్ టైటిల్‌ను రెండోసారి కైవసం చేసుకున్నారంటే వాక్యం సహజంగా ఉంటుంది, ఎందుకంటే టైటిల్ చేతికి దక్కేది. అదే ‘క్లించ్‌’ ఒప్పందం గురించి వస్తే ‘ఒప్పందం కుదిరింది’ అనాలి. స్వల్ప తేడాతో దక్కిన గెలుపు గురించి వస్తే, 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికాపై భారత్ 7 పరుగుల తేడాతో నెగ్గిందన్నట్టుగా, ‘నెగ్గింది’ అంటే చాలు. ‘విజయాన్ని కైవసం చేసుకుంది’ అని రాస్తే వ్యాకరణ దోషం ఉండదు గానీ, పేపరు దిద్దేవారికి అది అనువాదమని ఇట్టే తెలిసిపోతుంది.