ఎడమ దవడ కింద బఠాణీ గింజంత

ఎడమ దవడ కింద, చెవికి కాస్త దిగువన, ఒక బిళ్ళ. బఠాణీ గింజంత. వేలితో నొక్కితే పక్కకు జారుతుంది, నొప్పి లేదు. పద్నాలుగు నెలల కిందట ఒక రాత్రి జడ వేసుకుంటుంటే చేతికి తగిలింది. ఇవాళ కూడా అక్కడే ఉంది.

అప్పటికే రెండు నెలలుగా ఒంట్లో నలతగా ఉంటోంది. సాయంత్రమయ్యేసరికి 99.2, 99.4 జ్వరం. తెల్లవారుజామున మెడ వెనక చెమట. ఏ ప్రయత్నమూ లేకుండానే బరువు 61 కిలోల నుంచి 58కి దిగింది. విడివిడిగా అయితే ఒక్కోదానికీ ఏదో సమాధానం చెప్పుకున్నాను. పరీక్షల కాలం కదా, నిద్ర చాలడం లేదు కదా, 42 ఏళ్ళు వచ్చాయి కదా అని. బిళ్ళ చేతికి తగలగానే ఆ మూడూ వచ్చి దాని చుట్టూ చేరాయి. ఆ రాత్రంతా ఒకే ఒక్క మాట తలలో తిరిగింది. పెద్దమ్మ పోయిన దగ్గరనుంచి మా ఇంట్లో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అందరూ గొంతు తగ్గిస్తారు.

పెద్దమ్మ సంగతి చెప్పకపోతే నా భయం అర్థం కాదు. ఆమెకు ఆరేడు నెలలు కడుపు ఉబ్బరం. నాలుగు ముద్దలు తినగానే ఇక చాలనేది. గ్యాస్ అన్నారు, వయసు అన్నారు, ‘ఏమీ లేదు, ఊరికే ఆలోచించకండి’ అన్నారు. చివరికి స్కాన్ తీస్తే అండాశయ క్యాన్సర్, అప్పటికే పొట్టలో పాకిపోయింది. ఆ జబ్బు చాలాసార్లు అలా మామూలు కడుపు బాధలాగానే మొదలవుతుందని తరవాత తెలిసింది. అందుకే ‘ఏమీ లేదు’ అని ఎవరైనా అంటే నాకు ధైర్యం రాదు, ఇంకా భయం వేస్తుంది.

మొదటి రక్తపరీక్షలో ఈఎస్ఆర్, అంటే ఒంట్లో వాపో ఇన్ఫెక్షనో ఉంటే పెరిగే అంకె, 31 వచ్చింది. కాగితం మీద ఆ ఒక్క అంకె ముదురు అక్షరాల్లో, పక్కన పైకి చూసే బాణం గుర్తు. నేను లెక్కల టీచర్ని, అంకెను అంత తేలికగా వదిలిపెట్టలేను. స్త్రీలకైతే వయసుకు పది కలిపి రెండుతో భాగిస్తే ఈఎస్ఆర్ గరిష్ఠ పరిమితి సుమారుగా వస్తుందని చదివాను. నా లెక్కన 26. అయిదు ఎక్కువ. ఆ అయిదు మీద మూడు రాత్రులు కూర్చున్నాను. అదే కాగితంలో పైన హిమోగ్లోబిన్ 10.8 అని ఉంది. రక్తం తక్కువగా ఉన్నా ఈఎస్ఆర్ పెరుగుతుంది. ఆ వరుస నా కంటికి ఆనలేదు.

ఇంకొకటి కూడా నాకు తట్టి ఉండాల్సింది. ప్రయోగశాలలు రాసే ‘సాధారణ పరిమితి’ అంటే ఎక్కువగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఉండే హద్దు. అంటే ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా ఇరవై మందిలో ఒకరు ఆ గీత దాటి ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధంలేని ఇరవై పరీక్షలు ఒకేసారి చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుల్లోనే నూటికి 64 మందికి ఏదో ఒక అంకె పక్కన బాణం గుర్తు పడుతుంది. 0.95ను ఇరవైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే వచ్చేది అదే. సంభావ్యత పాఠం ఏటా చెబుతాను. నా సొంత రిపోర్టు చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

అల్ట్రాసౌండ్‌లో బిళ్ళ కోలగా, ఎనిమిది మిల్లీమీటర్ల మందంతో, మధ్యలో ఉండాల్సిన కొవ్వు భాగం చెక్కుచెదరకుండా కనిపించింది. ఆ బిళ్ళ ఒక లింఫ్ గ్రంథి. క్యాన్సర్ చేరిన గ్రంథులు చాలావరకు గుండ్రంగా మారతాయి, ఆ కొవ్వు భాగం కనబడకుండా పోతుంది. నాదలా లేదన్నారు. తొమ్మిది రోజులు హాయిగా నిద్రపోయాను. పదో రోజు మళ్ళీ మొదలు. సూది పరీక్ష చేయించుకున్నాను, ఇన్ఫెక్షన్‌కు స్పందించి ఉబ్బిన గ్రంథి అని వచ్చింది. నాలుగు రోజులు. అయిదో రోజు లింఫోమాను, అంటే లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్‌ను, సూది పరీక్ష ఒక్కోసారి పట్టుకోలేదని చదివాను. అది నిజమే, గట్టి అనుమానం ఉంటే గ్రంథి మొత్తం తీసి చూస్తారు. ఛాతీ ఎక్స్‌రే బాగుందన్న మాట ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. ప్రతి పరీక్షా నాకు కొంచెం నిశ్చింత ఇస్తోంది, ప్రతిసారీ అది ముందటికంటే త్వరగా కరిగిపోతోంది. అది గమనించాక జబ్బు కంటే దానికే ఎక్కువ భయపడ్డాను.

చేయి సంగతి చెప్పాలి. బిళ్ళ ఉందో లేదో, పెరిగిందో తరిగిందో అని ఎడమ చేతి రెండు వేళ్ళు అస్తమానం అక్కడికే పోయేవి. పాఠం చెబుతూ, కాపీలు దిద్దుతూ, నిద్రలో సైతం. ఒకరోజు ఎన్నిసార్లో చూద్దామని నోటుపుస్తకం వెనక అట్ట మీద గీతలు గీశాను. పడుకునేసరికి 63.

ఆ వారంలోనే, మధ్యాహ్నం విరామంలో వరండా దాటుతుంటే ఏడో తరగతి గదిలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఒక అమ్మాయి నల్లబల్ల దగ్గర నిలబడి టీచర్ అయింది. సుద్దముక్క కుడిచేతిలో పట్టుకుంది. తల కొంచెం కుడివైపు వంచి, ఎడమచేతి రెండు వేళ్ళు దవడ కింద పెట్టి, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ‘ఎక్స్ విలువ ఎంత?’ అని అడిగింది. ఎగతాళి లేదు ఆ పిల్లలో. చూసింది చూసినట్టు చేస్తోంది. టీచర్ అంటే అలా ఉంటుందనుకుంది. స్టాఫ్ రూముకు వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను.

అక్క ఊరుకోలేదు. ‘అంతా నీ మనసులోనే ఉందే, మంచి ఆలోచనలు చెయ్యి’ అంది. ప్రేమతోనే అంది, నాకు తెలుసు. అయినా ఆ సలహా మీద నాకు ఈనాటికీ కోపమే. థర్మామీటరులో పాదరసం నా మనసు చూసి ఎక్కలేదు. బాధ ఒంట్లోనిదీ, భయం మనసులోనిదీ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఒకటి ఉంది కాబట్టి రెండోది అబద్ధమని ఎందుకనుకోవాలి?

నాకు దారి చూపింది మూడో డాక్టరు. పెద్దావిడ. రిపోర్టులన్నీ చదివి పక్కన పెట్టి, మెడ రెండు వైపులా, చంకల్లో, కాలర్ ఎముకల పైన నిదానంగా తడిమి చూశారు. టేపుతో కొలిచి రాసుకున్నారు. తరవాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి.

‘మీకు క్యాన్సర్ లేదని నూటికి నూరు పాళ్ళు చెప్పలేను. ఆ మాట ఎవరికీ చెప్పలేనమ్మా. ఇప్పుడు నేను చూస్తున్న దాంట్లో దాని జాడ లేదు. ఇది ఏమిటన్నదీ నాకు తెలియదు. ఆరు వారాలు ఆగుదాం, ఇద్దరం కలిసే ఆగుదాం.’

ఒక కాగితం తీసి, ఏం కనిపిస్తే ఆరు వారాలు ఆగకుండా వెంటనే రావాలో రాసిచ్చారు. బిళ్ళ ఒకటిన్నర సెంటీమీటరు దాటినా, రాయిలా గట్టిపడి కదలకపోయినా, కాలర్ ఎముక పైన కొత్తది వచ్చినా, జ్వరం 100.4 దాటి నిలిచినా, దుప్పటి మార్చాల్సినంత చెమట పట్టినా, బరువు ఇంకా దిగినా. ఆరు నెలల్లో పదో వంతు తగ్గితే దాన్ని తీవ్రంగా పట్టించుకుంటామన్నారు. నా విషయంలో అది ఆరు కిలోలు. బరువు వారానికొకసారే చూసుకోమన్నారు, బిళ్ళను కూడా వారానికొకసారే. మాటిమాటికీ నొక్కితే చుట్టూ ఉన్న కండ నొప్పి పుడుతుంది, ఉబ్బుతుంది, అది చూసి ఇంకా భయపడతారు అన్నారు. నాకు అప్పటికే అక్కడ నొప్పి మొదలైంది!

బయటికి వచ్చాక భయం పోలేదు. కానీ దానికి ఒక తేదీ దొరికింది. అంతవరకు రాత్రి రెండింటికి ‘ఇప్పుడేం చేయాలి’ అన్న ప్రశ్న నాదొక్కదానిదే. ఆ రోజునుంచి జవాబు కాగితం మీద రాసి ఉంది. ఆరు వారాల్లో ఎన్నిసార్లు తీసి చదివానో, మడతల దగ్గర చిరిగిపోయింది.

అయినా చేయి ఒక్కదాన్నీ ఆపలేకపోయాను. దానికోసం ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గరికి ఎనిమిదిసార్లు వెళ్ళాను. నీకు జబ్బు లేదు అని నన్ను ఒప్పించే పని ఆమె పెట్టుకోలేదు. చేయి పైకి లేచినప్పుడు పది నిమిషాలు ఆగి చూడమంది, అంతే. మొదటి రోజు ఆ పది నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టు గడిచాయి. భయం పెరిగి పెరిగి, ఎక్కడో ఒకచోట తనంతట తానే కిందికి దిగడం మొదలుపెట్టింది. అది దిగుతుందని అంతవరకు నాకు తెలియనే తెలియదు, ఎందుకంటే ప్రతిసారీ దిగేలోపే నొక్కి చూసుకునేదాన్ని. నెల తిరిగేసరికి 63 కాస్తా 11 అయింది.

సాయంత్రపు జ్వరం అయిదో నెలలో, ఎలా వచ్చిందో అలాగే పోయింది. బరువు 59 దగ్గర ఆగింది. ఇనుము మాత్రలతో హిమోగ్లోబిన్ 12 దాటింది, ఈఎస్ఆర్ 18కి దిగింది. బిళ్ళ మాత్రం ఉంది. ఏదో ఇన్ఫెక్షన్ తరవాత కొన్ని గ్రంథులు అలా ఎప్పటికీ చేతికి తగులుతూ ఉండిపోవచ్చట. నాకు వచ్చినదానికి పేరు ఇంతవరకు ఎవరూ పెట్టలేదు. పేరు లేకుండా ఉండడం కష్టంగానే ఉంది.

మొన్న నా పక్క గది టీచర్ తలుపు దగ్గర నిలబడి, రొమ్ములో ఏదో గట్టిగా తగులుతోందని, చెప్పాలో వద్దో తెలియక పది రోజులైందని అంది. ‘ఏమీ ఉండదులే’ అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. ‘రేపు ఎన్నింటికి వెళదాం?’ అని అడిగాను. మర్నాడు ఇద్దరం వరసలో కూర్చున్నాం. ఎప్పుడు మొదట గమనించిందో, ఏ వైపో, ఇంట్లో ఎవరికైనా ఉందో నా నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద రాసుకుంది. రాస్తున్నంతసేపూ ఆమె చేయి వణకలేదు. పేరు పిలిచారు. చేతిసంచి నా ఒడిలో పెట్టి, కాగితం తీసుకుని లోపలికి వెళ్ళింది.